జాబర్ మామ ఎంచుకున్న ఇంజిన్ అది కాదు

మా జాబర్ మామ పోయి నెల కాలేదు, అప్పుడే ఆయన విమానంలోంచి ఇంజిన్ మాయం చేశారు. సంఘం హాల్లో సంతాప సభ పెట్టి, దండ వేసిన ఫోటో పక్కన ఆ విమానాన్ని వేలాడదీసి, దాని కింద నిలబడి ఒక్కొక్కరూ ఆయన్ని పొగిడారు. నేను మాత్రం విమానం ముక్కునే చూస్తూ కూర్చున్నాను.

తెలియనివారి కోసం రాస్తున్నాను. జోడ్‌భావి పేట్‌లో మా పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు బాగుచేసే జాబర్ ఆయన. చదివింది నాలుగు తరగతులు. రేడియోతో ఎగిరే చిన్న విమానాన్ని పాత పత్రికల్లో బొమ్మలు చూసి సొంతంగా తయారుచేశారు. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఎవరి మాటా ఊరికే నమ్మొద్దని నేర్పింది కూడా ఆయనే.

ఇంజిన్ కొనడానికి పుణె పాతసామాను బజారుకు నన్ను తీసుకెళ్లారు. కావలసింది గ్లో ఇంజిన్. దానికి స్పార్కు ఉండదు, ప్లగ్గులో సన్నని తీగ ఎర్రబడితే ఇంధనం అంటుకుంటుంది. దుకాణదారు రెండు ముందు పెట్టాడు. ఒకటి పెద్దది, అద్దంలా మెరుస్తోంది. ఇంకోటి చిన్నది, తలమీద గీతలు. నేను పెద్దదాని మీద చెయ్యి వేశాను.

"చమక్ చూసి పడిపోకు కొడకా. వేలును అడుగు," అన్నారు మామ.

ఇంజిన్ ముందుండే పంఖా వేలితో మెల్లగా తిప్పమన్నారు. పెద్దది ఎక్కడా పట్టుకోకుండా తిరిగింది. చిన్నదానిలో పిస్టన్ పైకి రాగానే నా వేలిని వెనక్కి నెట్టింది, లోపలి గాలి బయటికి పోవట్లేదన్నమాట. ఆయనకు అదీ చాలలేదు. దుకాణదారు చాయ్ తెప్పించాడు, అడగకుండా తెప్పించాడంటే ఏదో దాస్తున్నాడని మామ అనుమానం. జేబులోంచి ఆముదం సీసా తీసి, రెండింటికీ తల కింది అతుకు చుట్టూ చుక్కలు వేసి మళ్లీ తిప్పించారు. పెద్దదానికి బుడగలు లేచాయి, అక్కడ గాలి కారుతోంది. చాయ్ తాగి చిన్నదాన్ని తెచ్చుకున్నాం.

విరిగిన మగ్గం కర్ర చెక్కి, దాన్ని విమానం ముక్కుకు బిగించడానికి రెండు పట్టీలు చేశారు. నాలుగు రంధ్రాలు నాచేత వేయించారు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ వెనక మైదానంలో అది మొదటిసారి పైకి లేచినప్పుడు నేను గంతులేశాను. ఆయన చెవి ఒగ్గి విన్నారు. "ఇంకా జరంత పొగ రావాలె," అన్నారు, అంతే.

ఇప్పుడు ఆ పట్టీల మీద నేను వేసిన రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. పక్కనే కొత్తవి నాలుగు, వాటిలో మెరిసే పెద్ద ఇంజిన్. సెక్రటరీగారిని అడిగితే పాతదాన్నే తోమించామన్నారు. తోమితే ఇంజిన్ లావెక్కుతుందా? స్టూలెక్కి పంఖా తిప్పి చూశాను. వేలికి ఏమీ తగల్లేదు. మామ జన్మలో ముట్టని సరుకును ఆయన పేరు కింద పెట్టారు. హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పేటలో అందరికీ తెలుసు.

అత్త బీడీలు చుడుతూ ఒక్క మాటే అడిగింది. "విమానం వాళ్లనే పెట్టుకోమను. ఆ బుడ్డ ఇంజిన్ నాకియ్యమను. పొద్దుగాల లేస్తె దాన్నే తుడుసుకుంట కూసుంటుండె."

వచ్చే శుక్రవారం మన మగ్గాలకు కరెంటు సెలవు. ఆ సాయంత్రం ఐదింటికి అత్త, నేను హాలు మెట్ల మీద కూర్చుంటాం. సంఘం పెద్దలారా, ఆలోగా ఆ చిన్న ఇంజిన్ ఆమె చేతికి ఇవ్వండి. లేదంటే తీసిందెవరో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తలుపుకు అంటించండి. నోటిమాట జవాబు నాకు అక్కర్లేదు.