పైపుకు వేలాడిన పెట్టె

తెలుగూ హిందీ కలిసే సరిహద్దులో, పామేడు వైపు ఒక పల్లె ఆసుపత్రిలో కాన్పుల గదికి వైరింగ్ చేయమని మమ్మల్ని పంపింది నేను పనిలో చేరిన ఆరో ఏడు, ఎండాకాలంలో తునికాకు కోతలు ముగుస్తున్న రోజుల్లో. మా ఆయన ప్రభుత్వ భవనాల కరెంటు విభాగంలో వైర్‌మన్‌గా ఉండగానే పోయాడు. ఆ మీదట నన్ను హెల్పర్‌గా తీసుకున్నారు. చదువు నాకు సంతకం వరకే.

హెల్పర్ పైపులు మోస్తుంది, గోడకు గాడి కొడుతుంది, తీగ లాగుతుంది. పెట్టెలు బిగించడం, తీగలు కలపడం లైసెన్సున్న వైర్‌మన్ పని. అంతా చూసి సంతకం పెట్టేది సబ్ ఇంజనీరు. అప్పటి వైర్‌మన్ సమ్మయ్య మా ఆయనకు స్నేహితుడు, నాకు పని నేర్పినవాడు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఆరు నెలలే ఉన్నాయి.

తీగలు కలిసేచోట ఉండే ఇనప పెట్టెనే జంక్షన్ బాక్స్ అంటారు. దాని వీపుకు రెండు స్క్రూలు వేసి శ్లాబుకే బిగించాలి. పెట్టె బరువు పైపు మీదా తీగ మీదా పడకూడదు. పైపును పట్టుకునే క్లిప్పు కూడా పెట్టెకు అడుగు లోపలే ఉండాలి. నా చేతి కొలతలో అది జానెడు మీద నాలుగు వేళ్లు. పెట్టె కదిలితే లోపలి ముడులు కదులుతాయి, వదులైన ముడి వేడెక్కుతుంది, మంట అక్కడే పుడుతుంది.

తనిఖీకి ముందురోజు పొద్దున ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి పైకెత్తి తీగ కోసం చెయ్యి పెట్టాను. పెట్టె ఊగింది. పైపు సీలింగ్ పట్టీల మీద పడుకుని ఉంది, పెట్టె పైపుకు వేలాడుతోంది. కింద కాన్పు బల్ల.

“అన్నా, ఇదేంది? పెట్టె ఊగుతాంది!”

“పైన ఎవ్వలు చూస్తరే? మూసెయ్.”

“ఇసువంటియి ఎన్నున్నయ్?”

సమ్మయ్య గోడవైపు చూస్తూ ఏడు పెట్టెలని చెప్పాడు. “కుడిచెయ్యి పైకి లేస్తలేదు చెల్లె. రెండు నెలల సంది,” అన్నాడు.

“మరి బువ్వెట్ల తింటున్నవ్?”

“బువ్వ నెత్తి మీద లేదు గదా!”

ఇద్దరం నవ్వాం. శ్లాబుకు కన్నం వేయాలంటే డ్రిల్ మిషన్ తల మీదికి ఎత్తి పట్టాలి. ఆ మాట పైకి తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపిస్తారని ఆయన భయం. కానీ ఆ బల్ల మీద పడుకునే ఆడవాళ్లకు నెత్తిన ఏముందో తెలియదు.

ఆ గదికి కరెంటు తీసేసి, పక్క వార్డు నుంచి డ్రిల్‌కు తీగ లాగాను. చీర మీద చొక్కా తొడుక్కుని నిచ్చెన ఎక్కాను. ఆయన నిచ్చెన పట్టుకుని కింద నుంచి చెబుతుంటే ముడులు విప్పకుండా పక్కకు జరిపి, సాయంత్రానికి ఏడు పెట్టెలూ శ్లాబుకు బిగించాను. క్లిప్పులు వేశాను. ఒక్కోదాన్నీ పట్టుకుని వేలాడినంత పని చేశాను.

మర్నాడు తెలుగు రాని సబ్ ఇంజనీరు మేడం వచ్చారు. నిచ్చెన ఎక్కి రెండు పెట్టెలు లాగి చూశారు, కదల్లేదు. మూడోదాని మూత వైర్‌మన్‌నే తీసి చూపించమన్నారు. సమ్మయ్య నిచ్చెన ఎక్కాడు. కుడిచెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. ఆయన దిగలేదు, చెయ్యీ దించలేదు.

చివరికి నేనే నాకొచ్చిన హిందీలో, ఆయన చెయ్యి లేవదని, నిన్న ఆయన చెబుతుంటే నేను బిగించానని చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని మేడం ఆయన్ని అడిగారు. ఇంటికి పంపుతారని, అన్నాడాయన. మేడం రెండు ఉత్తర్వులు రాశారు. మిగిలిన ఆరు నెలలూ సమ్మయ్య కింద ఉండి పని చూపించాలి, పైకెక్కేది నేను. ఈ రెండు నెలల్లో ఆయన బిగించిన ప్రతి పెట్టెనూ మళ్లీ తెరిచి చూడాలి.

ఆ పెట్టెలు చూడటానికి బయలుదేరితే దారంతా సమ్మయ్య నాకు దూరంగా ముందు నడిచాడు. మొదట వెళ్లిన ఆశ్రమ పాఠశాలలో నాలుగు వేలాడుతూ కనిపించాయి. ఒకదాంట్లో తీగ తొడుగు నల్లబడి ఉంది. ఆ ముక్క కోసి కిందికి తెచ్చి చూపిస్తే దాన్ని వేళ్ల మధ్య నలిపి, “పిల్లలు పండుకునేది ఈ కిందనే,” అన్నాడు. తక్కినవి ఎక్కడెక్కడున్నాయో ఆ తర్వాత తనే వరసగా చెప్పాడు.

కొన్నేళ్లకు పని చేసి చూపించే పరీక్ష పాసై నేనూ వైర్‌మన్‌నయ్యాను. పెట్టె ఎందుకు వేలాడిందో తెలుసుకోవడానికి పెట్టెను చూస్తే చాలదని నాకు ఆ పనిలో తెలిసింది. నా కింద పనికి వచ్చినవాళ్లను మొదటిరోజే రెండు చేతులూ పైకెత్తమనేదాన్ని. ఎత్తలేనివాళ్లకు కింద పని ఇచ్చేదాన్ని, అన్‌ఫిట్ అని వాళ్ల పేరు ఎక్కడా రాయించలేదు.