ఎదురుగా కూర్చునే మనిషి

విశ్వాసమ్మ ఆ ముసలావిడ బొమ్మను పదకొండు సార్లు వేసింది.

ముసలావిడది ఎక్కడో చలిదేశం. తలకు తెల్లగుడ్డ టోపీ, ఎడమ నుంచి పడే వెలుతురు, కుడి చెంపంతా నీడ. మూడున్నర వందల ఏళ్ళ కిందట ఎవరో మహాచిత్రకారుడు వేసిన బొమ్మ అది. కల్లూరులో జిరాక్స్ షాపువాడు తీసిచ్చిన ప్రింటులో కొంచెం ఎర్రబడింది. అలాంటి పాత గొప్పబొమ్మ ఒకటి పట్టుకుని, చెయ్యి తిరిగేదాకా దాన్నే చూసి వేయమన్నాడు ఫోనులో నీటిరంగులు నేర్పే మాస్టారు. ఆ తర్వాత మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోమన్నాడు.

మొదటి పని ఆమెకు నచ్చింది. నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన ఒంటరి మనిషికి పగళ్ళు చాలా పెద్దవి. బోరునీళ్ళతో కలిపితే ఆరాక చెంపల మీద ఉప్పు తెల్లగా తేలుతుందని, క్యాన్ నీళ్ళే వాడాలని మూడో బొమ్మకు తెలిసింది. ఈ ఎండలకు రంగు పరుచుకోకముందే ఆరిపోతుందని, కాగితాన్ని వెనకనుంచీ తడపాలని ఐదో బొమ్మకు తెలిసింది. తెలుపు వేసేది కాదు, కాగితాన్ని వదిలేస్తే అదే తెలుపవుతుందని అర్థం కావడానికి తొమ్మిది బొమ్మలు పట్టాయి.

రెండో పని దగ్గరే ఆగిపోయింది. పక్కింటి నాగజ్యోతిని అడిగితే నవ్వింది.

"బొమ్మ గీసినాక గోడకు తగిలించల్ల, తగిలించినాక దండెయ్యల్ల. నాకింకా టైముండాదిలే సిస్టర్."

విశ్వాసమ్మ మళ్ళీ ఎవరినీ అడగలేదు. వార్డులో నొప్పి ఎక్కడని అడగడం వేరు. తనకోసం ఒకరిని కూర్చోమనడం వేరు.

ఎదురుగా కడుతున్న ఇంటికి ఈరక్క కాపలా ఉండేది. గోడలకు నీళ్ళు కొట్టి, మధ్యాహ్నం తాగేనీళ్ళకు విశ్వాసమ్మ ఇంటికి బిందెతో వచ్చేది. ఆ రోజు బిందె లేకుండా వచ్చింది.

"పనైపాయ సిస్టరమ్మా. ఐదుకు టెంపో వస్తాది. కడప తట్టు ఇంకో ఇల్లంట, ఆడికి పోతాండా."

"రొంతసేపు కూచుంటావా?" అంది విశ్వాసమ్మ. "నీ బొమ్మ వేస్తా."

"ఈ మొగం ఎవురు జూడల్లని? సరే, ఫ్యాను కింద కూకోమంటే వద్దంటానా."

గోడకు అంటించిన ప్రింటు పక్కనే స్టూలు వేసింది. చెయ్యి చకచకా సాగింది. తలకట్టు, నుదురు, చెంప. ఈరక్క నోరు ఒక్క నిమిషం ఆగలేదు.

"మాట్లాడకుండా కూచోరాదా?"

"ఆ పని గోడలు చేస్తాయిలే. ఏదీ, యాడిదాకా వచ్చె?" లేచి వచ్చి చూసింది. కిటికీని చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది. "ఎలుతురు ఈ పక్కనుంచి వస్తాంటే నీడ గూడా ఈ పక్కనే ఏసినావేమమ్మా?"

విశ్వాసమ్మ చెయ్యి ఆగిపోయింది. పదకొండు సార్లు వేసిన నీడ అది. ఎదురుగా ఉన్న చెంపను చూడకుండానే కుంచె వేసేసింది.

"తుడిసెయ్యి."

"తుడిస్తే కాయితం లేస్తాది."

ఈరక్క స్టూలెత్తుకుని విశ్వాసమ్మ వెనక్కి పోయి కూర్చుంది. "బొమ్మ జరగదు గదా, నేనే జరిగినా. నువ్వు ఇట్ల తిరుగు."

తిరిగితే ప్రింటు వీపు వెనక్కి పోయింది. ఇప్పుడు నీడ సరిగ్గా పడింది. ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన పాతగాటు కనిపించింది. వెంట్రుకల్లో సిమెంటు కనిపించింది. ఇన్ని నెలలు తను బిందెలో నీళ్ళు పోసిన మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టుంది. చేయి నెమ్మదించింది. ఒక కన్నుకే అరగంట పట్టింది.

బయట హారన్ మోగింది.

"ఇంగో కన్ను?" అంది ఈరక్క లేచి బొమ్మను చూస్తూ.

"కడపలో యాడ?"

"నాకేం తెల్సు సిస్టరమ్మా, యాడ దించితే ఆడ." గుమ్మం దాటుతూ ఒకసారి తిరిగి, "గోడకు తగిలిచ్చినా దండ మాత్రం ఎయ్యాకు" అని నవ్వింది.

టెంపో పోయాక విశ్వాసమ్మ బొమ్మ ముందు కూర్చుంది. రెండో కన్ను చోట ఉత్త కాగితం. ముసలావిడ కన్నయితే చూడకుండా వేయగలదు. కుంచె తడిపింది కూడా.

కడిగి పక్కన పెట్టేసింది. ఆ చోటు తెల్లగానే ఉంచింది.