మూడిళ్ళ సుండలు

ఆ రోజుల్లో నాకు తెలియని మాట తెలుగులో లేదని గట్టి నమ్మకం ఉండేది. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడికి వెళ్ళలేదు. గూడూరులో అమ్మమ్మ పక్కన కూర్చునే అక్షరాలు దిద్దాను, పురాణాలు చదివాను, పప్పులో రాళ్ళు ఏరాను. చదువూ వంటా ఒకే పీట మీద నేర్చుకున్నందువల్లనో ఏమో, రెంటిలోనూ నాకు ఎదురు లేదనుకునేదాన్ని. (బడికి వెళ్ళి ఉంటే తోటి పిల్లలు ఆ పొగరు మొదటి వారంలోనే దించేసేవాళ్ళు. ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేక అది అత్తగారింటి దాకా వాయిదా పడింది.) పెళ్ళయి చిత్తూరు వచ్చాక అత్త "సూడు" అంటే మనసులో "చూడు" అని దిద్దుకునేదాన్ని. "సెయ్యి" అంటే "చెయ్యి". పైకి ఒక్క మాట అనేదాన్ని కాదు, తల వంచుకుని వినయంగానే ఉండేదాన్ని. లోపల మాత్రం రోజంతా బలపం పట్టుకుని ఆమె మాటలన్నీ దిద్దుతూనే ఉండేదాన్ని. చివరికి ఆ వెంకటేశ్వరస్వామి నా మీద దయతలచి ఆ బలపాన్ని ఒక శనివారం పూట విరిచేశాడు. ఎట్లా విరిచాడో చెబుతాను.

పెరటాసి నెల, అంటే సెప్టెంబరు అక్టోబరు నడుమ వచ్చే శనివారాల్లో చిత్తూరు వైపు ఇళ్ళలో వెంకటేశ్వరస్వామికి అరిటాకు పరిచి, వండినవన్నీ దాని మీద పెట్టి, కర్పూరం వెలిగించి గోవిందలు చెబుతారు. దాన్ని తళిగ వేయడం అంటారు. ఆకు వేసేదాకా ఇంటి పెద్దావిడ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. వండే మనిషి ఉప్పు సరిపోయిందా అని కూడా నోట్లో వేసుకోకూడదు. మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ వంట ఆమె చేతి మీదుగా తప్ప ఇంకొకరి చేతి మీదుగా జరగలేదు. ఆ యేడు పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చింది. రెండు రోజులు తనలో తనే మథనపడి శుక్రవారం పొద్దున నన్ను పిలిచింది.

"నువ్వే సేయాల మే ఈ తూరి. ఇన్నేండ్లలో ఒక్క ఏడు గూడా తప్పింది లేదు. ఇప్పుడు తప్పితే ఆయప్ప ముందర నిలబడేదానికి నాకు మొగం ఉండదు. సెక్కెర పొంగలి, పులిహోర నువ్వు సేస్తావులే. సుండలు ముఖ్యం. సుండలు లేకుండా మనింట్లో ఆకు ఎయ్యరు. వాటికి ఏం కావాల్నో ఈ పొద్దే సూసి పెట్టుకో, రేపు తడుముకోవద్దు."

"సరే అత్తా" అన్నాను. నా మనసులోని బలపం అప్పటికే పని మొదలుపెట్టింది. సుండలట! పాపం, సున్నుండలు అనడం కూడా రాదు, నడుమ అక్షరం మింగేస్తుంది అనుకున్నాను. సున్నుండలంటే అమ్మమ్మ నాకు నేర్పిన మొట్టమొదటి మిఠాయి. ఆ సాయంత్రం దీపం పెట్టి, మినుములు దోరగా వేయించి, పిండి చేసి, బెల్లం కలిపి, నెయ్యి కరిగించి పోసి, ఇరవైయొక్క ఉండలు ఒకే కొలతన చుట్టాను. ఆ వాసనకి నాకే కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి పని నాకు అప్పగించినందుకు స్వామికి దండం పెట్టుకుని హాయిగా పడుకున్నాను.

మర్నాడు ఎనిమిది గంటలకల్లా పొంగలీ పులిహోరా అయిపోయాయి. అత్త తలస్నానం చేసి, కట్టు కట్టిన చేతిని చీర కొంగులో పెట్టుకుని, వంటింటి గడప దగ్గరికి వచ్చి గిన్నెలన్నిటినీ కళ్ళతోనే లెక్కపెట్టింది.

"సుండలు యాడ మే?"

నేను పళ్ళెం మీది మూత తీశాను. "ఇవిగో అత్తా. ఇరవైయొకటి."

"ఇవేంది?"

"సున్నుండలు."

"నేను సెప్పింది సుండలు."

"అవే గదత్తా. మీరు కొంచెం పొట్టిగా అంటారు."

"పొట్టిగానా! ఓసి నీ తెలివి సల్లగుండ. సుండలంటే సుండలే. శెనిగలు నానేసి, ఉడకేసి, తిరగబాత పెట్టేది!"

"గుగ్గిళ్ళా?" అన్నాను.

"మీ ఊర్లో ఏమంటారో నాకేం తెలుసు? నిన్న నెయ్యి వాసనొస్తే పొంగలికేమోలే అనుకొంటి."

(అరవదేశం పక్కనే ఉన్నందువల్ల చిత్తూరు వాళ్ళ నోట గుగ్గిళ్ళు ఎప్పుడో సుండలైపోయాయి. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నా, నేను చదివినవాటిలో లేదు.)

అరిటాకులు తెచ్చిన మా ఆయన అమ్మనొకసారి, నన్నొకసారి, పళ్ళేన్నొకసారి చూశాడు. "అమ్మా, ఇవి మాత్రం బాగలేవా? స్వామి వద్దంటాడా?" అన్నాడు. "నీకు కావాలంటే నీకని సెప్పు. స్వామి పేరు సెప్పద్దు" అంది అత్త. సోడా వేసి ఉడికిస్తే అని నేను నసిగాను. "దేవుడికి సోడానా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. అల్మరాలోంచి శనగల డబ్బా తీసి ఆడించి చూశాను. నానని శనగలు గలగలమన్నాయి. వాటిని మధ్యాహ్నం దాకా ఉడికించినా ఆ శబ్దం పోదని నాకూ తెలుసు. అత్త గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకుంది. బీపీ మాత్ర తిన్నాకే వేసుకోవాలి. తినడం ఆకు వేశాకే. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మూసుకున్న ఆ కళ్ళని చూడలేక పక్కకి తిరిగాను.

అప్పుడు పూజగదిలో నామం పెట్టి, తులసి చుట్టి ఉంచిన ఇత్తడి చెంబు కనబడింది. తళిగ రోజు ఇంట్లో ఒకరు ఆ చెంబు పట్టుకుని మూడిళ్ళ ముందు నిలబడి "గోవిందా" అనాలి. వాళ్ళు వేసిన బియ్యం మన బియ్యంలో కలిపి, ఆకు మీదికి తెల్లన్నం వండాలి. ఏటా మా ఆయనే వెళ్తాడు. నేను చెంబు అందుకుని "ఈ సారి నేను పోతా" అన్నాను. అత్త ఒక కన్ను తెరిచింది. "నువ్వా? గోవింద సెప్పేదానికి నీకు గొంతు లేస్తాదా?"

లేవలేదు. పక్కింటి ప్లీడరు గుమాస్తా గారి వాకిట్లో నిలబడి "గోవిందా" అంటే అది నా పెదాలు కూడా దాటలేదు. రెండోసారీ అంతే. మూడోసారి గోడకి ఆనుకున్న అత్త గుర్తొచ్చింది. ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాను. గుమాస్తా గారి భార్య చేతిలో అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది మే? మీ అత్తకి ఏమన్నా అయిందా?" విషయం తెలిశాక నవ్వుకుంటూ పోయి గుప్పెడు బియ్యం తెచ్చి వేసింది. నేను కదలలేదు. "ఇంకేం కావాల?" అంది. "నానిన శనగలు ఉన్నాయా అక్కా?" అన్నాను. "అబ్బో! గోవిందుడు ఇప్పుడు ఏం కావాల్నో సెప్పి మరీ అడుగుతా ఉండాడే!" అని పకపకా నవ్వి, శనగలు లేవని, వడలకి నానేసిన అలసందలు రెండు గుప్పెళ్ళు వేసింది.

రెండో ఇల్లు తమలపాకుల అంగడి పెద్దాయనది. ఆయన బియ్యం వేసి, నా సంగతి విని, లోపలికి పోయి మొలకెత్తిన పెసలు గిన్నెతో సహా తెచ్చాడు. "సెక్కెర జబ్బు వచ్చినాక దినామూ ఇవే తినమన్నాడమ్మా డాక్టరు. తినలేక సస్తా ఉండాను. అన్నీ తీసకపో. ఈ పొద్దు స్వామి నన్ను కాపాడినాడు" అని గిన్నె మొత్తం చెంబులో బోర్లించి చేతులు జోడించాడు. అంత నిజమైన భక్తి నేను మళ్ళీ చూడలేదు.

ఇన్నీ దొరికాయి కానీ శనగలు దొరకలేదు. మూడో ఇల్లు ఎవరిదా అని తల ఎత్తేసరికి మిషను కుడుతూ బూబమ్మ కనబడింది. మా రవికెలన్నీ ఆమే కుట్టేది. ఆ ఇంటి ముందు గోవింద చెప్పవచ్చా లేదా అని నేను ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆమే మిషను ఆపి, "ఏం బేటీ, చెంబు పట్టుకుని ఎండలో నిలబడినావు? ఎవరి కోసరం?" అని అడిగింది. మొత్తం చెప్పేశాను. సున్నుండల దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆమెకి నవ్వొచ్చింది. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకుంది. "సాయంత్రం అల్లుడొస్తాడని శెనగలు నానేసినా. కానీ దేవుడికి కదమ్మా, నా చేత్తో ఏస్తే మీ అత్త ఏమీ అనుకోదా?" అంది. మా అత్తకీ ఆమెకీ మంచి స్నేహమే, కానీ తళిగ సంగతి వేరు. నేను నోరు తెరవకముందే బూబమ్మ లేచి వెళ్ళింది. లోపల చేతులు కడుక్కున్న చప్పుడు వినబడింది. తలకి కొంగు కప్పుకుని వచ్చి, శనగలు ముందు పెట్టుకుని, నా మాట కోసం ఎదురు చూసింది. అప్పుడు నా నోట గోవింద దానంతట అదే వచ్చింది. అరవలేదు, గొణగలేదు. మామూలుగా, తెలిసిన మనిషిని పిలిచినట్టు.

ఇంటికి వచ్చి అత్త ముందు చెంబు పెట్టి ఏది ఎవరిచ్చారో దాచకుండా చెప్పాను. వద్దంటుందేమోనని భయం. అయినా ఆమెకి తెలియకుండా ఆకు మీద పెట్టడం అంతకన్నా భయం. అత్త శనగ గింజ ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసింది.

"బాగా నానినాయి" అంది. "బూబమ్మ ఇచ్చిందా?"

"అవునత్తా."

గింజని మళ్ళీ చెంబులో వేసింది. ఆ తర్వాత, "బీబీ నాంచారమ్మ యాడనుంచి వచ్చిందనుకొన్నావు? ఆయప్పకి ఆ తట్టు గూడా పెండ్లాం ఉండాదని కొండకింద సంటిబిడ్డకి గూడా తెలుసు. అత్తగారింటి నుంచి వచ్చినాయి అనుకొంటాడులే. బిన్నా ఉడకెయ్ పో, నాకు కండ్లు తిరగతా ఉండాయి" అంది.

చెంబులోవి పళ్ళెంలో పోసి బియ్యమూ గింజలూ దేనికది ఏరుకున్నాను. మూడు గింజలకీ మూడు స్వభావాలు. అన్నీ కలిపి కుక్కర్లో వేస్తే శనగలు ఉడికేసరికి పెసలు గంజైపోతాయి. శనగలు ముందు వేసి అయిదు విజిళ్ళు, అలసందలు కలిపి ఇంకొకటి. మొలకలు మాత్రం తిరగబాతలో వేసి, నీళ్ళు చిలకరించి ఆవిరికి మగ్గనిచ్చాను. ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు పడ్డాయి, దించాక పచ్చికొబ్బరి తురుము చల్లి మా పుట్టింటి నుంచి వచ్చిన నిమ్మకాయ ఒకటి పిండాను. అన్నం కూడా వార్చి, పన్నెండు కొట్టేలోగా ఆకు వేశాం. కర్పూరం వెలిగింది. మా ఆయన గోవింద చెబితే ఈసారి నా గొంతు కూడా కలిసింది.

అత్త కుడిచేయి కట్టులో ఉంది కనుక నేనే తినిపించాలి. ముందు సుండలే పెట్టమంది. చెంచాతో పెట్టాను. నమిలింది. ఆగింది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ నమిలింది.

"మే, మీ పుస్తకాల్లో ఉప్పుని ఏమంటారు?"

ఉప్పు! శనగల్లో వేయలేదు. తిరగబాతలో వేయలేదు. దేవుడికి చప్పిడి గుగ్గిళ్ళు పెట్టాను! కళ్ళనీళ్ళు తిరిగాయి. అత్త మాత్రం నోరు తెరిచే ఉంది, ఇంకా పెట్టమన్నట్టు. "ఆయప్ప ఏమన్నా అన్నాడా? అనలేదు గదా. ఆయన అననిది నేనెందుకు అనాల? పెట్టు" అంది. గిన్నె ఖాళీ చేసి, ఒక సున్నుండ కూడా తిని, మాత్ర వేసుకుంది. మిగిలిన ఉండల్లో తలా కొన్ని మూడిళ్ళకీ పంపించింది. ఆకుల అంగడి పెద్దాయనకి మాత్రం సగమే పెట్టమని చెప్పింది.

నెలన్నరకి కట్టు విప్పారు. మరుసటి యేడు పెరటాసికి చెయ్యి బాగైపోయింది, దోసెలు కూడా పోస్తోంది. తళిగ నాడు నేను పక్కకి తప్పుకుని నిలబడితే అత్త గడప బయట పీట వేసుకుని కూర్చుంది. "సూస్తావేం మే? పొద్దెక్కతా ఉండాది, మొదలుపెట్టు" అంది. తను ఉన్నన్నాళ్ళూ తళిగ నాడు ఆ పీట మీదే కూర్చుంది. లోపలికి రాలేదు, ఇట్లా చెయ్యి అట్లా చెయ్యి అనలేదు.

ఇప్పుడు ఆ పీట ఖాళీ. మూడు రకాల గింజలూ నేనే ముందురోజు వేళకి నానబెట్టుకుంటాను, ఎవరినీ అడగనక్కరలేదు. అయినా తళిగ నాడు సుండలు దించేటప్పుడు ఉప్పు వేశానా లేదా అనే అనుమానం ఏటా వస్తుంది. నోట్లో వేసుకుని చూడకూడదు. చిటికెడు ఉప్పు వేళ్ళ మధ్య పట్టుకుని, ఇంత వయసొచ్చిన మనిషిని, పొయ్యి ముందు పరీక్షకి వచ్చిన పిల్లలా నిలబడతాను. "వేశానా స్వామీ?" అని పైకే అడుగుతాను. జవాబు ఎప్పుడూ రాలేదు. ఒక యేడు చప్పగా ఉంటాయి, ఒక యేడు ఉప్పుగా ఉంటాయి. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.