శనివారం పెన్ను ముట్టని స్కౌట్

గురువారం పొద్దున ప్లేనోలో మా పక్కింటి ఆంటీ పోయారు. ముప్పై ఏళ్ళు ఒక ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టుకి స్కౌట్‌గా పనిచేశారు. ఊరూరా తిరిగి కొత్త ఆటగాళ్ళను చూసి, ఎవరిని తీసుకోవాలో రాసి పంపే ఉద్యోగం. ఆ జట్టులో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆవిడే. నాకంటే పాతికేళ్ళు పెద్ద. మా అమ్మాయితో పాటు నేనూ ఆంటీ అనే పిలిచేదాన్ని.

ఆంటీ నిష్ఠగల యూదు మనిషి. శనివారం వాళ్ళకి ఏ పనీ చెయ్యకూడని విశ్రాంతి దినం. శుక్రవారం పొద్దుగూకితే కారు తియ్యరు, పెన్ను పట్టరు. శనివారం సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా అంతే. బేస్‌బాల్‌కేమో శనివారమే పండగ. అందుకని మైదానానికి నడిచి వెళ్ళేంత దగ్గరలో గది తీసుకుని, ఉత్త చేతులతో వెళ్ళి కూర్చునేవారు.

"పెన్ను లేకుండా స్కౌటింగ్ ఏంటి ఆంటీ, వర్క్ ఫ్రమ్ మెమరీనా?" అని మావారు ఏడిపించేవారు.

"నీ కంప్యూటర్‌కి కరెంటు పోతుందేమో గానీ నాకు పోదు" అనేవారావిడ.

వాళ్ళ బాస్‌కి ఇది నచ్చలేదు. శనివారం కూడా అందరిలా బంతి వేగం కొలిచి రాయాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి అన్నాడు. ఆ వారమే నేను ఆవిడ వెంట ఆటకి వెళ్ళాను. ఆ ఉద్యోగం పోతుందేమోనని నాకే ఎక్కువ భయం. ముందు సీటాయన చేతిలో బంతి వేగం కొలిచే యంత్రంలో పడిన అంకెలన్నీ గుట్టుగా నా ఫోన్‌లో ఎక్కించాను. చుక్కలు పొడిచాక చూపించబోతే ఆంటీ మొహం తిప్పుకున్నారు.

"నాకోసం నువ్వు రాసినా నేను రాసినట్టే. డిలీట్ చెయ్యి."

సిగ్గుతో చచ్చాను.

ఆ రోజు బంతి విసిరినవాడు బక్కపల్చటి ఎడమచేతివాటం యువకుడు. వేగం చాలదని తక్కిన స్కౌట్లు పెదవి విరిచారు. ఆంటీ మాత్రం గదికొచ్చి నాలుగు పేజీలు రాశారు. బ్యాట్ పట్టిన ప్రతివాడి కాళ్ళూ ఆలస్యంగా కదిలాయట, అంటే అతని బంతి ఎప్పుడొస్తుందో ఎవరికీ అంతుచిక్కలేదన్నమాట. సోమవారం బాస్ ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"అంకెలేవి?"

"లేవు. ఇతన్ని తీసుకో. పనికిరాకపోతే నేనే మానేస్తాను."

మూడేళ్ళకి అతను పెద్ద లీగ్‌లో ఆడిన మొదటి ఆటలోనే తొమ్మిది మందిని మట్టికరిపించాడు. మా ఇంట్లో టీవీ ముందు ఆంటీ సోఫా ఎక్కి గంతులేశారు. నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత గర్వం కలగలేదు. మళ్ళీ ఆవిణ్ణి శనివారం సంగతి అడిగినవాడు లేడు.

శుక్రవారం పొద్దున్నే ఖననం. వాళ్ళ పద్ధతిలో వచ్చినవాళ్ళే మట్టి పొయ్యాలి. మనం ఉప్పు చేతికి ఇవ్వనట్టే, వాళ్ళు ఆ పారని చేతికి ఇవ్వరు. మట్టిలో గుచ్చి వదిలితే తర్వాతి మనిషి తీసుకుంటాడు. ఆ ఎడమచేతివాటం ఆటగాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, చొక్కా తడిసేదాకా పోసి, పార గుచ్చి పక్కకి జరిగాడు. వరసలో తర్వాత నిలబడింది ఆ బాస్. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర మనవరాలికిచ్చి, కోటు విప్పి, వంగి రెండు చేతులతో పారని పైకి లాగాడు.