పై అరలో పెరగని ఈస్టు

గుంటూరులో మిర్చి నిలవచేసే శీతల గిడ్డంగిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. తలుపు మీది మీటరును ఏనాడూ నమ్మలేదు. పై వరుసలో ఒకటి, కింది వరుసలో ఒకటి థర్మామీటరు వేలాడదీసి, రెండంకెలూ పుస్తకంలో రాసుకున్నాకే మిర్చి టిక్కీ బస్తాల మంచిచెడ్డలు మాట్లాడేవాణ్ణి.

పెదకాకానిలో ఉండే మా చెల్లెలికి కొన్నేళ్లుగా కాళ్లలో సత్తువ తగ్గుతోంది. పరీక్ష చేయిస్తే ఒక జన్యువులో చిన్న మార్పు కనిపించింది. అది హానికరమో కాదో తెలియదని నివేదికలోనే రాశారు. అది తేలితే తప్ప వైద్యానికి దారి దొరకదు.

చెల్లెలి కూతురు ఈస్టు మీద పరిశోధన చేస్తోంది. గైడుగారి అనుమతితో ఈ ప్రశ్నను తన పళ్లేల మీదికి తెచ్చింది. రొట్టెను పొంగించే ఆ సూక్ష్మజీవిలోనూ అదే పని చేసే జన్యువు ఉందట. దాన్ని తీసేసి మనిషి జన్యువును పెడితే, అది పనిచేసిన మేరకు ఈస్టు పెరుగుతుంది. మనిషికీ ఈస్టుకూ ఇంత చుట్టరికమా అనిపించి, చూడటానికి వెళ్లాను.

ల్యాబులో ఈస్టు పెంచే వేడిపెట్టె కింది అరలో మామూలు జన్యువున్న ఈస్టు తెల్లని చుక్కలుగా పెరిగింది. పై అరలో వాళ్లమ్మ జన్యువున్న పళ్లెం బోసిగా ఉంది. పిల్ల ముఖం వాడిపోయింది.

"పై అరలో వేడెంత?" అన్నాను.

"ముప్పై, మామయ్యా. తలుపు మీదే ఉందిగా."

"అది తలుపు చెప్పే మాట. లోపల చూశావా?"

"ఇదేమన్నా మీ మిర్చి గోడౌనా?" అని నవ్వింది గానీ, నా థర్మామీటరు పెట్టనిచ్చింది.

కింద ముప్పై, పైన ముప్పై ఏడు.

ఈసారి రెండు రకాలనూ రెండు అరల్లోనూ పెట్టింది. రెండు రోజులకు కింద రెండూ సమానంగా పెరిగాయి. పైన మామూలుది పెరిగింది, చెల్లెలిది పెరగలేదు. ఆ జన్యువు వేడిలో మాత్రమే చేతులెత్తేస్తోంది. ఈస్టులో జరిగిందే మనిషిలోనూ జరుగుతుందని చెప్పలేమనీ, డాక్టరు ఇంకా చూడాలనీ మేనకోడలు హెచ్చరించింది.

చెల్లెలికి చెప్పాను.

"ఎండలో కళ్లంలో కూర్చుని మిర్చిలో తాలుకాయలు ఏరితే కాళ్లు లేవట్లేదని పెళ్లైన కొత్తలోనే చెప్పాను కదన్నయ్యా! నువ్వేమన్నావు?"

"బద్ధకమన్నాను."

"మరి ఆ మాట నీ పుస్తకంలో రాశావా?"

రాయలేదు. ఏ రోజు ఎండకు ఆమె ఎంత నడవగలిగిందో రాసి తెమ్మని ఇప్పుడు డాక్టరు అడిగారు. కొత్త పుస్తకంలో గీతలు గీశాను. మొదటి గడిలో వేడి, రెండో గడిలో అడుగులు. మూడో గడి వెడల్పుగా వదిలాను, చెల్లెలు చెప్పింది చెప్పినట్టు రాయడానికి.