చూరు కింది మంచినీళ్ల గ్లాసు

నీళ్లంటే నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. ఉద్యోగం అలాంటిది మరి. అడవి అంచున ఉన్న బడిలో తెలుగు సారుని. జాతీయాల పాఠం వచ్చిందంటే నల్లబల్ల మీద 'నీళ్లు' అని రాసి, గంట కొట్టేదాకా వదిలేవాణ్ణి కాదు. ఆశ లేనివాడు నీళ్లు వదులుకుంటాడు, హడలిపోయినవాడు నీరుగారిపోతాడు, జవాబు రానివాడు నీళ్లు నములుతాడు. నీళ్లోసుకోవడమంటే స్నానమూ కావచ్చు, కడుపుతో ఉండటమూ కావచ్చు, చెప్పేవాళ్ల గొంతును బట్టి తెలుసుకోవాలి అంటే ఆడపిల్లలు తలలు దించుకుని నవ్వేవాళ్లు.

పక్క గదిలో సైన్సు సారు. ఇద్దరిదీ ఒకే ఊరు. మావాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. ఆయనది ఊరవతల వాడ, అక్కడ మొదటి సర్కారు కొలువు ఆయనదే. రోజూ సైకిళ్లు పక్కపక్కన తొక్కుకుంటూ వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం నా గోంగూర ఆయన డబ్బాలోకి, ఆయన ఎండుచేపలు నా డబ్బాలోకి. బడి కుండ మీద ఉన్నది ఒకటే గ్లాసు, దాంతోనే ఇద్దరం తాగేవాళ్లం.

"నీ నీళ్లకు గన్ని అర్థాలేంది సారూ?" అనేవాడు. "మా పాఠంల ఒకటే. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పిల్లగాండ్లకు జల్దీ వస్తది."

రెండేళ్లు అలా తిన్నాక, ఇంటి సంగతి కూడా దానంతటదే సర్దుకుని ఉంటుందనుకున్నాను. అది నా రెండో తెలివితక్కువతనం.

మా ఇంటి వసారాలో చూరు కింద, దూలం సందులో ఒక గ్లాసు ఉండేది. వాడ నుంచి పనికి వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందులోనే. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి పోవాలి. నా చిన్నప్పుడది సత్తుది. సైన్సు సారుకు ఉద్యోగం వచ్చిందని తెలిశాక మా అమ్మ దాన్ని తీసేసి, కొత్తగా కొన్న డజను స్టీలు గ్లాసుల్లోంచి ఒకటి పెట్టింది.

"సారయ్యాడు గదా, ఎప్పుడైనా వస్తే సత్తుదేం బాగుంటుంది" అంది.

గ్లాసుకు ప్రమోషన్ వచ్చింది గానీ ట్రాన్స్‌ఫర్ రాలేదు.

పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఒక ఆదివారం నేనే ఆయన్ని ఇంటికి రమ్మన్నాను. నా గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి పెట్టాను కూడా. మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ముందుగాల మంచినీళ్లియ్యి సారూ" అన్నాడు, వసారాలో నిలబడి.

లోపల అమ్మ లేవబోతోంది. ఏం చేస్తుందోనని నాకు భయం. "నువ్వు కూర్చోమ్మా, నేనిస్తా" అని పరుగెత్తాను. కుండలోంచి చెంబు ముంచుకొచ్చాను. ఆయన ముందుకొచ్చి నిలబడ్డాక నా రెండో చెయ్యి పైకి వెళ్లింది. దూలం సందులోంచి గ్లాసు తీసింది. పాతికేళ్లుగా చూసిన పని, చెయ్యి నన్ను అడగలేదు. అది నా చెయ్యేనని నీళ్లు పోశాకగానీ నాకు తెలియలేదు.

ఆయన గ్లాసు వంక చూశాడు. నా వంక చూడలేదు. పైకెత్తి, పెదవికి తగలకుండా పోసుకుని తాగాడు. బడిలో ఎప్పుడూ అట్లా తాగలేదు. వాకిట్లో తొట్టి దగ్గరికెళ్లి కడిగి, తీసుకొచ్చి, ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకుండానే దూలం సందులో బోర్లించాడు.

"సల్లగున్నయి సారూ" అన్నాడు. "పేపర్లు రేపు బళ్లెనే దిద్దుకుందాం తియ్యి."

ఏదో ఒకటి అనాలి. నీళ్లు నమిలాను. పిల్లలకు అన్నిసార్లు చెప్పిన ఆ మాట రుచి నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు మామూలుగానే డబ్బా తెరిచాడు. గోంగూర పెట్టించుకున్నాడు. సైకిల్ హ్యాండిల్‌కు మాత్రం ఒక ప్లాస్టిక్ సీసా వేలాడుతోంది.

"కాచిన నీళ్లు తాగుమన్నరు దవాఖానల" అన్నాడు.

ఆయనకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. తప్పయిందని చెప్పడానికి రోజూ బడిదాకా అంత దారి ఉండేది. వానలు పడేదాకా చెప్పలేదు. వానలు పడ్డాక ఆయన మణుగూరు వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే గ్లాసును సంచిలో వేసుకుని వైరా వెళ్లాను. మా ఇంట్లో స్టీలు సామానంతటి మీదా నాన్న పేరు కొట్టించి ఉంటుంది, ఆ ఒక్కదాని మీదే లేదు. సామాన్ల కొట్లో దాని మీదా కొట్టించాను. ఇంటికొచ్చి చింతపండుతో తోమి, వంటింట్లో మిగతా పదకొండింటి మధ్య పెట్టి, వరస కలిపేశాను.

రెండు రోజుల తర్వాత అమ్మ దూలం సందు తడిమింది. వంటింట్లోకి వచ్చి గ్లాసులన్నీ ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. పన్నెండింటి మీదా నాన్న పేరే.

"ఏదిరా అది?"

"ఏది?"

"అదే."

"అదేదో చెబితే కదమ్మా."

ఆమె చెప్పలేకపోయింది. ఆ పూటంతా దోసిలితో తాగింది. సాయంత్రం నాన్న పొలం నుంచి వచ్చి, వరసలోంచి చేతికందిన గ్లాసు తీసుకుని గటగటా తాగుతుంటే, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి మళ్లీ అడిగింది.

"అది కాదు కదరా?"

నేను నీళ్లు నమిలాను. ఈసారి కావాలనే, నిదానంగా.