అందరి పేజీకి కాపున్న ఖమర్ ఆపా

ఖమర్ సుల్తానా గారు ఇక లేరన్న వార్త మొన్న శుక్రవారం ఉదయం తెలిసింది. బేగంపేట మెట్రో మెట్లు దిగుతుండగా ఆమె తమ్ముడి కూతురు ఫోన్ చేసి, "ఆంటీ, ఫుప్పూ ఇగ లేరు. నిద్రలనే పోయిండ్రు" అంది. ఆఫీసులకు పరుగెత్తే జనం నన్ను ఒరుసుకుంటూ పోతున్నారు. ఒక పక్కకు జరిగాను. ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. ఇలాంటి వార్త వింటే నేను మొట్టమొదట ఫోన్ చేసేది ఆమెకే.

సికింద్రాబాదులోని ఒక కళాశాలలో ఆమె తెలుగు అధ్యాపకురాలు. నేను అదే శాఖలో చాలా ఏళ్ల తర్వాత చేరినదాన్ని. కళాశాల యావత్తూ మేడం అనేది, నేను అక్కా అన్నట్టు ఆపా అనేదాన్ని. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలంగాణ తెలుగు, తరగతిలో ప్రబంధాల తెలుగు, ఈ మూడూ ఆమె నాలుక మీద పొరపొచ్చాలు లేకుండా కాపురం చేసేవి. పెళ్లి చేసుకోలేదు. సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇల్లు, గోడల నిండా నిఘంటువులు.

సాహిత్య సదస్సులంటే ఆమెకు ఒకవిధమైన విచారం. "ఏందమ్మా ఇది? ఒకరు కాయితం చూసి చదువుడు, నలుగురు చప్పట్లు కొట్టుడు, అందరం తిని ఇంటికి పోవుడు. మాట్లాడుకునేది ఎప్పుడు?" అనేవారు. అందుకే చేతివృత్తుల పదజాలం మీద సదస్సు నిర్వహణ తనకు అప్పగించగానే ఒక వికీ తెరిచారు. అంటే అంతర్జాలంలో అందరూ కలిసి రాసుకునే ఉమ్మడి పుస్తకం. పత్రసమర్పకులు తమ వ్యాసాలను ముందుగానే అందులో పెట్టాలి. చదివినవారెవరైనా సవరించవచ్చు. ఏ మార్పు ఎవరు చేశారో నమోదవుతుంది, పాత పాఠమూ చెరిగిపోదు. ప్రతి వ్యాసానికీ వాదించుకోవడానికి ఒక చర్చాపుట ఉంటుంది. సభలో ఎవరూ చదవకూడదు, మాట్లాడాలి. టైపు చేయడం రాని పెద్దల వ్యాసాలను ఆమె స్వయంగా ఎక్కించారు.

సదస్సు దగ్గరపడ్డాక తుఫాను మొదలైంది. ప్రారంభోపన్యాసం చేయవలసిన ఆచార్యులవారు తిరుమలగిరిలో ఉండేవారు. మా ఇద్దరికీ గురుతుల్యులు. కుండలు కాల్చే బట్టీని తెలుగునాట అంతటా 'ఆము' అంటారని ఆయన తన వ్యాసంలో రాశారు. కోస్తా నుంచి ఒక అధ్యాపకురాలు ఆ వాక్యాన్ని సవరించి, తమ వైపు 'వాము' అంటారని చేర్చింది. ఆయన మండిపడ్డారు. మేమిద్దరం ఆయన ఇంటికి వెళ్లాం.

"నా వాక్యం దిద్దడానికి ఆవిడెవరమ్మా? ఆ పేజీకి తాళం వేయించు. లేకపోతే నేను రాను" అన్నారాయన.

"మీ వాక్యం యాడికీ పోలేదు సార్, ఎనుక పదిలంగ ఉన్నది" అన్నారు ఆపా. "మీకు ఒప్పకుంటే మళ్ల పెట్టుండ్రి. ఎందుకు పెట్టిండ్రో చర్చల రాయుండ్రి. తాళం మాత్రం ఎయ్యలేను. మీకేస్తే అందరికీ ఎయ్యాలె గద."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. తిరుగు ప్రయాణంలో ఆటో కంటోన్మెంటు దాటింది. ఆపా కళ్లు తుడుచుకుని, "పెద్దాయన మనసు నొప్పించిన శారదా. ఇంకేం చెయ్యాలె, చెప్పు?" అన్నారు.

ఆయన రాలేదు. ఆయన శిష్యగణమూ రాలేదు. యాజమాన్యం ముఖం చాటేసింది. సగం కుర్చీలు ఖాళీగా ఉన్న సభలో ఆపా ఒక్కరే వేదికనెక్కి, "ఉన్నోళ్లమే షురూ చేద్దాం" అన్నారు. ఆ సవరణ చేసిన అధ్యాపకురాలు కాలు విరిగి తన ఊళ్లోనే మంచం మీద ఉంది. అక్కడి నుంచే చర్చాపుటలో ఒక ప్రశ్న వేసింది: గడ్డివాములోని వాము, కుండల వాము ఒకే మాటేనా? ఆపా దాన్ని పైకి చదివారు. సభ రెండుగా చీలిపోయింది. ఇక్కడి మాటలు నేను టైపు చేస్తుంటే, అక్కడి నుంచి ఆమె సమాధానాలు పంపుతోంది. భోజనాలకు పిలిచినా ఎవరూ కదలలేదు. ఆ పూట ఆపా ముఖంలో వెలిగిన కాంతి నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

ఆ తర్వాత మరే సదస్సూ ఆమెకు అప్పగించలేదు. పదవీ విరమణ చేశారు. వికీకి వచ్చేవారు క్రమంగా తగ్గి, చివరికి ఆమె ఒక్కరే మిగిలారు. కొత్త పదాలు చేరుస్తూ, ఎవరెవరో జొప్పించే చెత్త ప్రకటనలు ఏరేస్తూ, దీక్షగా దాన్ని కాపాడుకున్నారు. ఒకసారి వెళ్లినప్పుడు చాయ్ అందిస్తూ, "తక్లీఫ్ ఏం లేదు శారదా. ఒక్కటే పరేషాన్. నేను రాసింది రాసినట్టే ఉంటున్నది. దిద్దేటోళ్లు లేరు. అన్నీ కరెక్టే రాస్తున్ననా ఏంది?" అన్నారు.

"నేను దిద్దుతాను కదా ఆపా!"

"నువ్వు నాకు ఎదురు చెప్పవు" అని కిటికీ వైపు తిరిగారు.

ఈ వేసవిలో ఒక పొద్దున ఆమె నుంచి ఫోన్. గొంతులో ఆయాసం, ఆయాసాన్ని మించిన ఆనందం. "చూసినవా? పెద్దాయన దిద్దిండు!" ఎనభై దాటిన ఆచార్యులవారు ఆమె పుటలో ఒక వాక్యం మార్చారు. రెండు వాములూ ఒకే మాట, పేర్చిన కుప్ప అని అర్థం, అని ఆమె రాశారు. కాదు, కుండల వాము 'ఆము' నుంచే పుట్టింది, అని ఆయన.

"ఒప్పుకున్నారా?" అని అడిగాను.

"యాడ ఒప్పుకుంట! జవాబు రాసిన."

పాత సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఒకరి ఆధారాన్ని ఒకరు ఖండిస్తూ చివరిదాకా వాదించుకున్నారు. గుండె జబ్బు ముదురుతున్నా ఆమె ఏ పూటా నీరసించి మాట్లాడలేదు.

మగవాళ్లు జనాజాను మోసుకుని ఖననానికి వెళ్లాక ఆడవాళ్లం ఆ ఇంట్లో మిగిలాం. కాసేపటికి ఆచార్యులవారు చేతికర్ర ఊతంతో వచ్చారు. నేరుగా నిఘంటువుల దగ్గరికి వెళ్లారు. "ఆవిడ మొన్న చర్చాపుటలో అడిగినదానికి జవాబు దొరికిందమ్మా. ఆవిడ ఒప్పుకోదు, నాకు తెలుసు" అన్నారు.

"అయినా రాయండి సార్."

"ఒప్పుకోని మనిషే లేకపోయాక ఏం రాయను?" అన్నారాయన.

సదస్సులు జరుగుతూనే ఉంటాయి, శాలువాలు కప్పుతూనే ఉంటారు. విద్యను ఎవరి సొత్తూ కానివ్వని ఆ విదుషీమణికి నా అశ్రునమస్సులు. శాఖ సమావేశాల్లో నా మాటను నలుగురిలో నిర్మొహమాటంగా కాదని, సాయంత్రం ఇంటికి చేరీచేరగానే ఫోన్ చేసి "కోపమచ్చిందా శారదా?" అని అడిగే గొంతు ఇక వినపడదు. రాలేదు ఆపా. ఏనాడూ రాలేదు.